పెద్దాయన అర్థం ముట్టుకోకూడదు

భూతద్దానికి ఆ ఉదయం ఒళ్ళు మండిపోయింది. భూతద్దం అంటే వస్తువు కాదు, మనిషే. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో తప్పులు వెతికే ఉద్యోగం ఆవిడది. ఎంత చిన్న తప్పయినా ఆవిడ కళ్ళు దాటిపోదని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆ పేరు పెట్టినవాళ్ళే ఇప్పుడు, కొన్ని తప్పులు చూసీ చూడనట్టు వదిలేయమ్మా అంటున్నారు.

కొత్త ముద్రణ పని ‘సేక్రెడ్’ అన్న మాట దగ్గరికి వచ్చింది. నిఘంటువును మొదలుపెట్టిన పెద్దాయన దానికి ‘పవిత్రమైన’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అబద్ధమేం కాదు, కాని సగమే. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. దేవుళ్ళకని విడిగా తీసిపెట్టినదాన్ని అక్కడ అలా అనేవారు. తీసిపెట్టాక ఇక దాన్ని మనుషులు వాడుకోకూడదు. శాపం తగిలి జనంలోంచి వెలి అయినవాణ్ణి కూడా అదే మాటతో పిలిచేవారు. మొక్కడానికైనా, గెంటడానికైనా ముందు జరిగేది వేరుచేసి పెట్టడమే. ఈ సంగతి చేర్చాల్సిందేనని ఆవిడ పట్టుపట్టింది.

“అది పెద్దాయన రాసిందమ్మా,” అన్నారు సంపాదకుడు. ఈయన పెద్దాయనకు స్వయానా అల్లుడు.

“ఎవరు రాస్తే ఏంటండీ, సగం అర్థమేగా ఉంది?”

“మావయ్యగారు రాసింది ముట్టుకోకూడదు. ఈ ఆఫీసు పద్ధతి నీకు కొత్తా?”

కొత్తేం కాదు. పేజీలో చోటు చాలకపోతే కత్తెర పడేది మిగతావాళ్ళు రాసిన అర్థాలకే. ‘గోట్’ అంటే ‘మేకు’ అని ఎప్పుడో పడ్డ ముద్రారాక్షసం, పెద్దాయన పదం కాబట్టి ప్రతి ముద్రణలోనూ దర్జాగా మేస్తూనే ఉంది. ఆయన ఏదో ఉద్దేశంతోనే రాసుంటారని అల్లుడుగారి వాదన. మేకుకి నాలుగు కాళ్ళుంటాయా అని భూతద్దం అడిగితే, ఎదురు మాట్లాడకు అన్నారు.

ఆ పేజీ సాయంత్రం ప్రెస్సుకి వెళ్ళాలి. సరిచూసినవారు అని పుస్తకం మొదట్లో పడేది ఆవిడ పేరు. తెలిసి తెలిసి సగం అర్థానికి తన పేరు పెట్టుకోవడం ఆవిడకి తలకొట్టేసినంత పని.

“పోనీ, ఆయన్నే అడిగొస్తాను.”

“ఆయన్నా?” అల్లుడుగారు అదిరిపడ్డారు. “ఇలాంటి చిల్లర వాటికి ఆయన్ని కదుపుతారా ఎవరైనా? పైకి వెళ్ళావంటే వేరే ఉద్యోగం చూసుకో.”

పెద్దాయన ఉండేది ఎక్కడో కాదు, ఆఫీసు పై అంతస్తులోనే. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా అందరూ వరసగా మెట్లెక్కి, నమస్కారం పెట్టి, పుస్తకం బల్ల మీద ఉంచి, చప్పుడు చెయ్యకుండా దిగొచ్చేస్తారు.

అల్లుడుగారు భోజనానికి కూర్చోగానే భూతద్దం కాగితం పట్టుకుని మెట్లెక్కింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

పెద్దాయన కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడే ‘సేక్రెడ్’ పుట్టుపూర్వోత్తరాలన్నీ గడగడా చదివేసింది. ఎలాగూ చీవాట్లు తప్పవు కదా అని మేకు సంగతి కూడా తగిలించింది.

ఆయన ఇటు తిరిగారు. “మేక అని రాస్తే మేకు చేశారా? ఎప్పట్నుంచి?”

“నేను చేరకముందు నుంచీ ఉందండీ.”

“పుస్తకం బల్ల మీద పడేసి పారిపోవడమే గాని, ఒక్క వెధవా చెప్పడేం? నాకు అచ్చు కనపడక ఎన్నాళ్ళయిందో తెలీదూ వాళ్ళకి?” ఆయన కోపంగా కుర్చీ చేతి మీద చరిచారు. “ఆ కాగితం మళ్ళీ చదువు.”

చదివింది. విడిగా తీసిపెట్టడం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు.

“రాసిన రోజున ఈ అర్థం నాకు తెలీదు. ఈ గదిలో కూర్చోబెట్టాక తెలిసింది.”

భూతద్దానికి సిగ్గుతో తల వంగిపోయింది. ఇన్నాళ్ళూ అందరితో పాటు తనూ నమస్కారం పెట్టి దిగిపోయింది.

“చేర్చెయ్యమంటారా అండీ?”

“చేర్చు. చేర్చి పారిపోకు, ఇంకేం తప్పులున్నాయో చెప్పు. ఇక్కడ కూర్చోడానికేం లేదు, కింద నుంచి కుర్చీ తెచ్చుకో.”

ఆవిడ ఆఫీసు మధ్యలోంచి తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్తుంటే అల్లుడుగారు అన్నం చేత్తోనే లేచి అడ్డం వచ్చారు.

“ఆయన ముందు కూర్చుంటావా?”

“కూర్చుంటానండీ,” అంది భూతద్దం. “మీ మావయ్యగారు బతికే ఉన్నారు.”