ఎదురుగాలిలో ఒక పాయింటు

ఆ శనివారం పొద్దున్నుంచీ కలీనా ఊరి మీద పడమటి గాలి ఒకటే మోత. ధాన్యం గిడ్డంగి పైరేకు ఒకటి ఊడి టపటపా కొట్టుకుంటోంది. ఎక్కి బిగించే నాథుడు లేడు, ఊరంతా ఫైనల్ ఆటకని మైదానం దగ్గరే ఉంది. కోచ్ ఒరెస్ట్ పావ్లక్ మైదానం మధ్యలో నిలబడి పిడికెడు ఎండుగడ్డి పీకి గాల్లోకి వదిలాడు. అది పైకి లేవలేదు, కిందా పడలేదు, అడ్డంగా కొట్టుకుపోయింది. అతనికి ఆ గాలి నచ్చలేదు.

నచ్చనిది ఇంకొకటి కూడా ఉంది, అది గత ఆదివారం నుంచి అతన్ని తొలుస్తోంది. ఆ రోజు చెల్లెలు స్టెఫా ఇంట్లో భోజనం. ఉల్లిపాయ వేపుడు, మీగడ వేసిన బంగాళదుంప కుడుములు పళ్ళెం నిండా పెట్టి, అతను నాలుగోది నోట్లో పెట్టుకున్నాక ఆవిడ అసలు మాట ఎత్తింది. స్టెఫా కొడుకు మైరన్ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళలో అందరికంటే బలమైనవాడు. ఇరవై ఏళ్ళవాడు. నెల కిందట తలకు దెబ్బ తగిలి కొన్నాళ్ళు వెలుతురు చూడలేక చీకటి గదిలో పడుకున్నాడు. ఆడొచ్చని డాక్టరు చెప్పాడు కాబట్టి మళ్ళీ దిగుతున్నాడు.

"అన్నయ్యా, వాడు ఆడతానంటే నేను ఆపలేను. అంతవాణ్ణి మంచానికి కట్టేస్తానా? కానీ వాడికి తల తిరిగిందని నీకు అనుమానం వచ్చినా చాలు, తీసి పక్కన కూర్చోబెట్టు. మీ కప్పు నాకక్కర్లేదు."

"నా ప్రాణం అడ్డేస్తాను స్టెఫా."

"నీ ప్రాణం నేనేం చేసుకోను? వాణ్ణి కూర్చోబెట్టు, అంతే."

సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆ మాటకొస్తే ఒరెస్ట్ అబద్ధాలకోరు కాడు.

కలీనాలో కాఫీ తాగే ప్రతివాడూ కోచే. వాళ్ళందరి తగువూ ఒక్కదాని మీదే: టచ్‌డౌన్ కొట్టాక ఒకటా, రెండా? ఇది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్; అవతలివాళ్ళ చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. ఆపైన ఒక్క అవకాశం ఇస్తారు. దూరం నుంచి బంతిని తన్ని రెండు కర్రల మధ్య నుంచి పంపితే ఒక పాయింటు. అదే గీతకు దగ్గర నిలబడి, అవతలి పన్నెండు మందినీ చీల్చుకుని బంతిని మళ్ళీ గీత దాటిస్తే రెండు. వెనకటికి ఆ తన్నుడు చిన్నపిల్లల పని. లీగ్ పెద్దలకు ఏం తోచిందో, దాన్ని బాగా వెనక్కి జరిపారు. అప్పటి నుంచి ఎదురుగాలి ఉన్న రోజున అది దేవుడి మీద భారం వేసి తన్నడమే అయింది. ఇక రెండుకి వెళ్తే కలీనా జట్టుకి తెలిసిన దారి ఒకటే: బంతి మైరన్ చేతికిస్తారు, అతను తల వంచుకుని మధ్యలోకి దూసుకుపోతాడు, మీద పదిమంది పడతారు. ఈ సంగతి ప్రత్యర్థులకీ తెలుసు. తెలిసినా ఆపలేకపోయేవాళ్ళు, అది వేరే మాట.

బ్రాడ్‌వెల్ జట్టుతో ఆట మొదలైంది. మొత్తం నాలుగు భాగాలు, భాగం మారినప్పుడల్లా జట్లు వైపులు మార్చుకుంటాయి. మొదటి భాగంలో కలీనాకు ఎదురుగాలి. అయినా ముందు టచ్‌డౌన్ కొట్టింది కలీనానే. ఒరెస్ట్ ఒక వేలు చూపించాడు, తన్నమని. వెండెల్ అనే కుర్రాడు శుభ్రంగానే తన్నాడు పాపం, బంతి కర్రల దాకా వెళ్ళి, ఎవరో వెనక్కి పిలిచినట్టు ఆగి, ముందే పడిపోయింది. ఆరు మాత్రమే మిగిలాయి.

"పోనీలే, ఒకటే కదా," అన్నాడు సహాయ కోచ్ గోర్డ్ లైసాక్.

ఒకటే. కానీ ఆ పోయిన ఒక్క పాయింటు పంటి కింద రాయిలా ఒరెస్ట్‌ని ఆటంతా వదల్లేదు. బ్రాడ్‌వెల్ వాళ్ళు టచ్‌డౌన్ కొట్టి, తన్ని, ఏడు చేసుకున్నారు. రెండో భాగంలో గాలి కలీనా వైపు తిరిగింది, రెండో టచ్‌డౌన్ వచ్చింది, పన్నెండు. వెనక గాలి ఉంది. హాయిగా బంతి తన్నెయ్యొచ్చు. ఆట ఇంకా సగం కూడా కాలేదు, ఈ ఒకటీ రెండూ లెక్కలకి ఇది వేళ కాదని ఒరెస్ట్‌కి అందరికంటే బాగా తెలుసు. కుర్ర కోచ్‌లకి ఏటా పాఠం చెప్పేది అతనే: జారిపోయిన పాయింటు వెంట పరిగెత్తకు, పరిగెత్తావా, సాయంత్రం దాకా పరిగెత్తుతూనే ఉంటావు. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు.

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి," అన్నాడు గోర్డ్, అతని చెవిలో.

ఒరెస్ట్ రెండు వేళ్ళు ఎత్తాడు. బంతి మైరన్ చేతికి వెళ్ళింది. గుట్టగా పడిన మనుషుల కింద నుంచి, గీత అవతల, బంతి కనిపించింది. పద్నాలుగు. జనం బెంచీల మీద కాళ్ళతో తొక్కుతూ ఊగిపోయారు. అందరూ లేచాక చివరగా మైరన్ లేచి, ముఖం మీది గడ్డి తుడుచుకుని, నింపాదిగా నడుచుకుంటూ బ్రాడ్‌వెల్ వాళ్ళ బెంచీ వైపు వెళ్ళిపోయాడు.

జనం గొల్లుమన్నారు. బ్రాడ్‌వెల్ వాడొకడు జరిగి చోటిస్తూ "రా బావా, కూర్చో, టీ తాగి పో" అన్నాడు. ఒరెస్ట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒళ్ళు చల్లబడింది.

జట్టు నర్సు పెర్ల్ మైరన్ని కూర్చోబెట్టి అతని ముందు మోకాళ్ళ మీద నిలబడింది. ఊరి ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, ముక్కుసూటి మనిషి. "ఇవాళ ఎవరితో ఆడుతున్నాం రా?" అని అడిగింది. ఆవిడ వీపు వెనక డెరిక్ నిలబడ్డాడు, బంతి అందించే ఆటగాడు, మైరన్‌కి ప్రాణ స్నేహితుడు. డెరిక్ పెదవులు మెల్లగా కదిలాయి. "బ్రాడ్‌వెల్," అన్నాడు మైరన్. "మనకెన్ని పాయింట్లు?" పెదవులు మళ్ళీ కదిలాయి. "పద్నాలుగు." పెర్ల్ అతని కళ్ళలోకి టార్చి వేసి చూసి, ఇంకాసేపు ఆలోచించి, "సరే, నాకైతే బాగానే ఉన్నట్టున్నాడు. నువ్వేమంటావు ఒరెస్ట్?" అంది.

డెరిక్ పెదవులను ఒరెస్ట్ చూశాడు. స్పష్టంగా చూశాడు. తల తిప్పి, గాలి ఎటుందో చూస్తున్నట్టు జెండా వంక చూశాడు.

"బానే ఉన్నాడు," అన్నాడు.

పాపం ఎక్కడ మొదలైందని అడిగితే ఇక్కడే మొదలైంది, వేరే ఎక్కడా వెతకక్కర్లేదు. చెల్లెలి ఇంట్లో భోజనం ముందు కూర్చుని మాటలు ఎన్నైనా ఇవ్వొచ్చు, ఫైనల్ ఆటలో సగం గెలిచి ఉన్న మనిషి కళ్ళు అతనికి కావలసిందే చూస్తాయి.

ఆ తర్వాత బ్రాడ్‌వెల్ వాళ్ళు ఇంకో టచ్‌డౌన్ కొట్టి, ఎప్పటిలాగే తన్ని, పద్నాలుగు చేసుకున్నారు. చివరి భాగంలో గాలి వాళ్ళ వెనక ఉండేలా ముందే కోరుకున్నారు, ఇంకోటి కొట్టారు, మళ్ళీ తన్నారు. ఇరవై ఒకటి. వాళ్ళ కోచ్ ఒక వేలు తప్ప ఇంకోటి ఎత్తనే లేదు. ఆకాశం సీసం రంగుకి తిరిగింది, గాలి ఇంకా పెరిగింది, బెంచీ మీది నీళ్ళ కప్పులు ఒక్కొక్కటీ లేచి గడ్డి మీద దొర్లుకుంటూ పోయాయి.

ఆఖరి నిమిషంలో కలీనా గీతకి దగ్గరగా వచ్చింది. ఆటను కాసేపు ఆపించడానికి ఒరెస్ట్ తన దగ్గర మిగిలిన ఆఖరి విరామం తీసుకున్నాడు. కుర్రాళ్ళు చుట్టూ మూగారు. మైరన్ అతని మోచేయి పట్టుకున్నాడు. మైదానంలో అడుగుపెట్టాక మైరన్ అతన్ని "కోచ్" అని తప్ప పిలవడు, చిన్నప్పటి నుంచీ వాడు పెట్టుకున్న నియమం అది.

"మావయ్యా," అన్నాడు మెల్లగా. "ఆట అయ్యాక మనం బస్సెక్కాలా? ఇంటికి ఎంత దూరం?"

వాళ్ళ ఇల్లు కంచె అవతల కనిపిస్తూనే ఉంది. స్టెఫా ఆరేసిన దుప్పటి కూడా కనిపిస్తోంది. ఒరెస్ట్ ఆ దుప్పటి వంకా, మైరన్ ముఖం వంకా చూశాడు. ఈలోగా విజిల్ పడింది, కుర్రాళ్ళు పరిగెత్తారు, వాళ్ళతో పాటు మైరన్ కూడా పరిగెత్తాడు. డెరిక్ బంతిని మూలకు విసిరాడు, ఎవరో పట్టుకున్నారు, టచ్‌డౌన్. ఇరవై. గడియారం సున్నాకి వచ్చి ఆగింది. ఇక మిగిలింది ఆ ఒక్క అదనపు అవకాశమే.

"రెండు, రెండు," అని ఊరంతా ఒకే గొంతుతో అరుస్తోంది.

"మైరన్‌కి ఇచ్చెయ్," అన్నాడు గోర్డ్. "ఒక్క తోపు. కప్పు మనది."

"వద్దు. తన్నిద్దాం. సమం చేసి అదనపు ఆట ఆడదాం."

"ఈ గాల్లోనా? మతి పోయిందా నీకు? పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటే ఎట్లా ఒరెస్ట్? ఇందాక వెండెల్ తన్నింది మర్చిపోయావా? రేపు కాఫీ కొట్లో నీకు కుర్చీ కూడా వెయ్యరు."

"వెయ్యకపోతే నిలబడి తాగుతా," అన్నాడు ఒరెస్ట్.

అతను ఒక వేలు ఎత్తాడు. జనంలోంచి పెద్ద మూలుగు వచ్చింది. ఎవరో చేతి తొడుగు విసిరారు, అది అతని భుజానికి తగిలింది. అతనికి చీమ కుట్టినట్టైనా లేదు. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఓడితే ఓడాం, ఆ గుట్ట కిందకి పిల్లాణ్ణి మళ్ళీ తొయ్యలేదు, ఇచ్చిన మాట ఆలస్యంగానైనా నిలబెట్టుకున్నాను అనుకున్నాడు. వెనక్కి తిరిగి జనంలో చెల్లెల్ని వెతికి, ఆవిడకి కూడా ఆ వేలు చూపించాడు. చూశావా, ఒకటే అన్నాను, అన్నట్టు.

స్టెఫా అతని వంక చూడటం లేదు. లేచి నిలబడి మైదానం వంకే చూస్తోంది. ఆవిడ ముఖం చూసి ఒరెస్ట్ ఇటు తిరిగాడు.

కోచ్ ఒక వేలు ఎత్తితే తన్నే జట్టు దానంతటదే వరుస కడుతుంది. ఎవరి పేరూ పిలవరు, ఎవరూ అడగరు. ఆ పన్నెండు మందిలో కుడి చివర కాపలా మైరన్‌దే. అతను అక్కడే ఉన్నాడు, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి నేలకి ఆనించి, గాలికి కొంచెం ఊగుతూ.

"మైరన్," అని ఒరెస్ట్ కేక వేశాడు. గాలి ఆ కేకను అతని నోట్లోకే తిప్పికొట్టింది. ఆపడానికి విరామాలు మిగల్లేదు. మైదానం పక్క గీత మీదకి ఉరికాడు, కానీ బంతి అప్పటికే వెనక్కి, వెండెల్ దగ్గరికి వచ్చేసింది.

వెండెల్ తన్నాడు. బంతి తక్కువ ఎత్తులో లేచి బ్రాడ్‌వెల్ వాడి చేతికి తగిలి పక్కకి పడింది. అక్కడితో ఆట అయిపోయినట్టే. ఓడిపోయినట్టే. కాకపోతే అది ఇంకా ఆడే బంతే, అవతలివాళ్ళు దాన్ని పట్టుకుని మైదానం రెండో చివరి దాకా తీసుకుపోతే ఇంకో రెండు పాయింట్లు వాళ్ళకే. బ్రాడ్‌వెల్ కుర్రాడొకడు సరదాకి దాన్ని తీసుకుని పరుగు మొదలుపెట్టాడు. ఒక పాయింటుతో ఓడినా మూడుతో ఓడినా ఒరిగేదేమీ లేదు కాబట్టి కలీనా వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే నడుము మీద చేతులు వేసుకుని నిలబడిపోయారు.

ఒక్క మైరన్ మాత్రం వెంట పడ్డాడు. వాడికి పాయింట్లెన్నో తెలీదు. గెలుపు వాడి చేతుల్లోంచి పారిపోతోందనుకున్నాడేమో, మైదానం పొడవునా, ప్రాణం పెట్టి పరిగెత్తాడు. డెరిక్ వెనక నుంచి "వదిలెయ్ రా, అయిపోయింది" అని అరుస్తున్నాడు. చివరి గీత దగ్గర మైరన్ గాల్లోకి ఎగిరి బంతితో పోతున్నవాడి కాళ్ళ మీద పడ్డాడు. బ్రాడ్‌వెల్ కుర్రాడి మోకాలు వాడి తలకి తగిలిన చప్పుడు అంత గాలిలోనూ వినిపించింది. బంతి గీతకి ఇవతలే ఆగింది. జనం చప్పట్లు కొట్టారు, కొన్ని క్షణాలు.

ఒరెస్ట్ వెళ్ళేసరికి పెర్ల్ మైరన్ మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఎవరితో ఆడుతున్నాం రా? మైరన్, నాన్నా, ఎవరితో ఆడుతున్నాం?" అని అడుగుతోంది. డెరిక్ ఆవిడ వెనక నిలబడి ఏడుస్తున్నాడు. మైరన్ కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి ఎవర్నీ చూడటం లేదు.

స్టెఫా కంచె దాటి వచ్చి కొడుకు పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి తీసుకుని తన కోటు లోపల పెట్టుకుంది.

"తన్నమనే చెప్పాను స్టెఫా," అన్నాడు ఒరెస్ట్. "ఒట్టు. ఊరంతా రెండు రెండన్నా నేను ఒకటే అన్నాను. వాడి కోసమే అన్నాను."

ఆవిడ తలెత్తలేదు.

"తన్నే జట్టులో వాడు ఉంటాడని నాకు తెలుసన్నయ్యా," అంది. "నీకు తెలీదా?"