గుమ్మంలో అద్దం

చర్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, దువ్వెనమ్మ ఇంకో తల పని పట్టింది. ముందు తడిగుడ్డతో ముఖం, తర్వాత చెవుల వెనక, ఆపైన అరచేత్తో నూనె, చివరికి దువ్వెన. పిల్లాడు మెడ వంకర పెట్టి మూలిగాడు.

"కదిలావంటే పాపిట చెవి మీదికి పోతుంది. తర్వాత నన్నని లాభం లేదు," అందామె.

పొట్టి మనిషి. నేల తుడిచి తుడిచి మోకాళ్లు కాయలు కాశాయి. వారమంతా చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచి, వెనక గదిలో పడుకుంటుంది. ఆదివారం పొద్దున మాత్రం ఈ స్టూలే ఆమె సింహాసనం. అసలు పేరు పాస్టరు గారికి కూడా చప్పున గుర్తురాదు. పిల్లలు పెట్టిన పేరే స్థిరపడిపోయింది.

ఆమె వెనక, హాలు తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు నిలువెత్తు అద్దం, దాని మీద పాత దుప్పటి. అద్దం పెట్టి దుప్పటి కప్పడమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వరూ మరి!

వీధి చివర రాళ్లు కోసే మిల్లుంది. అక్కడి పనివాళ్ల పిల్లల్ని సండే స్కూలుకు రప్పించడానికి సంఘం పడని పాట్లు లేవు. ఇంటింటికీ తిరిగారు, కొత్త డ్రమ్ము కొన్నారు. "గుమ్మంలో పెద్ద అద్దం పెట్టండి అయ్యగారూ, పిల్లలకి అద్దమంటే ప్రాణం," అని పాస్టరు గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది మాత్రం దువ్వెనమ్మే. అద్దం వచ్చింది, సిమెంటుతో గోడకు అతికించారు కూడా.

పిల్లలు పరిగెత్తుకొచ్చిన మాట నిజమే. అందరికంటే ముందు బొంగరం. కాలు ఒకచోట నిలవదని ఆ పిల్లకు ఆ పేరు. ఒళ్లంతా ఒకేసారి కనబడే అద్దం ముందు అది ఎన్నడూ నిలబడలేదు. జుట్టు మీద తెల్లటి రాతిపొడి, కనుబొమల మీద రాతిపొడి. లోపల ఉతికిన బట్టల్లో ఉన్న పిల్లల్లో ఎవరో "ముసలమ్మొచ్చింది" అన్నారు. బొంగరం అద్దంలోకి చూసింది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది. దాని వెంటే మిల్లు పిల్లలంతా.

అద్దం పీకితే పగులుతుందన్నారు. అప్పుడు దుప్పటి కప్పి, దువ్వెనమ్మ స్టూలూ బకెట్టూ తెచ్చుకుంది. చేతులు కాలాక ఆకులే అయినా కొంత పనిచేశాయి. చిన్నపిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. బొంగరం మాత్రం తమ్ముణ్ని పంపి తను గేటు దగ్గరే నిలబడుతుంది. అది లోపలికి వచ్చేదాకా ఆమెకు అన్నం సయించేలా లేదు.

ఆ పొద్దున ఆమె ఎడమచెయ్యి బరువుగా ఉంది. పాస్టరు గారు గమనించారు.

"ముఖం పాలిపోయిందేంటమ్మా? ఆస్పత్రికి వెళ్దాం పద."

"గ్యాసు అయ్యగారూ. ఈ తలలు కానివ్వండి. ఆస్పత్రి ఎక్కడికి పోతుంది?"

ఆయన లోపలికి వెళ్లాక గేటు వైపు తిరిగింది. "ఏమే, నిన్ను గేటుకు కాపలా పెట్టారా?"

"తమ్ముడి కోసం నిలబడ్డా. నేను రాను."

"ఆ అద్దం పెట్టించింది నేనేనే. బుద్ధి గడ్డి తిని పెట్టించా. అలిగితే నా మీద అలుగు. లోపల పాటలేం చేశాయి నిన్ను?"

"నువ్వా?"

"నేనే. ఆ రోజు నుంచీ నిన్ను తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది."

బొంగరం మెల్లగా వచ్చింది. "నొప్పెడితే లేచిపోతా."

"పోదువులే."

చిక్కులు మొండివి. కుదుళ్లు గట్టిగా పట్టుకుని, కొసల నుంచి విడదీస్తూ పైకి వచ్చింది. రాతిపొడి ఆమె ఒళ్లో రాలింది. మధ్యమధ్య చెయ్యి ఆగిపోయేది. పిల్ల కదలకుండా కూర్చుంది. రెండు జడలు పూర్తయ్యాక తల తడుముకుని, "దుప్పటి తియ్యి," అంది.

"వద్దులేవే."

"తియ్యి. చూస్తా."

తీయక తప్పలేదు. బొంగరం అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. తర్వాత అద్దంలోనే వెనకున్న మనిషిని చూసింది.

"నీ తలే చింపిరిగా ఉంది."

"నాదెవరు దువ్వుతారే! పో, పాట మొదలైంది."

"వచ్చాక నేను దువ్వుతాలే," అని లోపలికి పరిగెత్తింది.

దుప్పటి మళ్లీ కప్పలేదు దువ్వెనమ్మ. అద్దంలో హాలంతా కనబడుతోంది. బెంచీల మధ్య రెండు జడలు ఊగుతున్నాయి. ఆమెకు కడుపు నిండింది. స్టూలు అద్దం వైపు తిప్పుకుని, పక్కగోడకు జారబడి, వాటినే చూస్తూ చూస్తూ కళ్లు మూసుకుంది.

బడి అయ్యాక బొంగరం అన్నమాట ప్రకారం వచ్చింది. ఆమె ఒళ్లోంచి దువ్వెన తీసుకుని, ముడి విప్పింది.

"కదిలావంటే పాపిట చెవి మీదికి పోతుంది."

ఆమె కదలలేదు.

పాస్టరు గారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు. "చాలు తల్లీ," అన్నారు చివరికి.

"ఇంకొంచెమే. నిద్రపోతోంది, లేపకండి."

ఆయన జడ పూర్తయ్యేదాకా ఆగారు.

అందరూ ఆమెను లోపలికి మోసుకెళ్లాక, అద్దం ముందు స్టూలు మీద దువ్వెన మిగిలింది. పళ్ల మధ్య కాస్త రాతిపొడి, దాన్లో చిక్కుకుని ఒక నల్ల వెంట్రుక, ఒక తెల్ల వెంట్రుక.