తెల్లబడ్డ మడతలు

మేధ ఏలూరులో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్. కాగితాలతో నమూనాలు మడిచి, కత్తిరించి, ఏడాదిపాటు కుస్తీపట్టి ఓ పడవ తయారుచేసింది. ఎక్కడా అతుకు లేని ఒకే ప్లాస్టిక్ షీటు. మడిస్తే భుజాన వేసుకుపోవచ్చు, విప్పితే నలుగురు కూర్చోవచ్చు. మడతలు కలిసే మూలల్లో మాత్రం చిన్న గాటు పెట్టి రబ్బరు అంటించింది. వరదల్లో పనికొస్తుందో లేదో చూడమని అలాంటివి రెండు చేసి కొల్లేటి లంకల్లో ఇద్దరికి ఇచ్చింది: చేపల చెరువుల బుల్లిరాజుకొకటి, బడి టీచరు సత్యవతికొకటి.

మూడు రోజులుగా ఒకటే వాన. మధ్యాహ్నం బుల్లిరాజు ఫోన్ చేశాడు.

“మీ పడవ భలేగుందండీ. ఎవరొచ్చినా మడిచి, విప్పి చూపిస్తన్నానండి. మడతలు మాత్రం తెల్లబడ్డాయండి, ముగ్గు గీసినట్టు.”

పదేపదే మడిస్తే మూలలు తెల్లబడతాయి. తెల్లబడ్డ మూల ఎంతోసేపు ఆగదని ల్యాబ్‌లో చూసింది మేధ. పడవలిచ్చిన రోజు ఫొటోల హడావిడిలో ఆ మాట చెప్పనేలేదు.

“దాన్ని నీళ్లలో దించకండి బుల్లిరాజు గారూ!”

“అయ్యో, మా ఆవిడ ఇప్పుడే ఏసుకెళ్లిందండీ, అవతల గట్టు మీద మోటారు చూసొస్తానని.”

“వెంటనే దోనెవాళ్లని పిలవండి. నేనొస్తున్నా.”

మేధ ఆటో దిగి గట్టు మీదికి పరుగెత్తేసరికి పడవ ఇటే వస్తోంది. బుల్లిరాజు భార్య రత్నమాణిక్యం నవ్వుతూ చెయ్యూపింది. అంతలో ఓ మూల తెరుచుకుంది. చప్పుడు కూడా లేదు. షీటు చాపలా పరుచుకుపోయింది, మనిషి మునిగిపోయింది.

దోనెవాళ్లు దూకి, జుట్టు పట్టుకుని పైకి లాగారు. నీళ్లు కక్కి ఊపిరి తీసుకుంది.

“మీరు చెప్పబట్టి బతికిందండీ,” అని బుల్లిరాజు దణ్ణం పెట్టాడు. మేధ అతని వంక చూడలేకపోయింది. రెండో పడవ అప్పుడు గుర్తొచ్చి సత్యవతికి ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఎత్తింది.

“ఫోన్ ఇంట్లోనే ఒదిలేసిందండీ. బళ్లోకి నీళ్లొచ్చాయని ముగ్గురు పిల్లల్ని మీ పడవలో ఎక్కించుకుని రోడ్డుకి బయల్దేరింది.”

మేధ దోనె ఎక్కింది. గుర్రపుడెక్క తోసుకుంటూ గంటసేపు వెతికారు. నీళ్లలో మొలిచిన తూటుపొదల్లో సత్యవతి దొరికింది, గొంతుదాకా నీళ్లలో, ఇద్దరు పిల్లల్ని భుజాలకెత్తుకుని.

“ఏంజెల్‌ని తీశారాండీ?” అంది సత్యవతి. “ఇందాకటిదాకా నా కొంగు పట్టుకునే ఉందండీ.”

దోనెవాడు పిల్లల్నెక్కించి, గెడకర్ర నీళ్లలోకి దించి అడుగు తడమడం మొదలుపెట్టాడు.