వన్స్ మోర్ అన్నవాళ్ళు

ఈ వారం నాటకంలో మా అక్క వకుళ ఒక వేషం వేస్తోంది. అక్క చనిపోయి నెల దాటింది. బతికుండగా ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు కాబట్టి ఇది ఆమె మొదటి వేషం.

మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చి ఆ సంగతి చెబుతుంది. నేడే చూడండి, ఆసుపత్రి సీను, సొంత మంచం, సొంత దుప్పటి అంటుంది. నేను గేటు దగ్గర నిలబడి వింటాను. ఆటో అతను ఒక కరపత్రం నా చేతిలో పెట్టి, మూడో వరసలో మీకు కుర్చీ ఉంచారండీ అని చెప్పి వెళ్ళిపోతాడు. మూడో వరసే మాది. ముందు వరసలో కూర్చుంటే మొహాల మీద రంగు చెమటకి కారడం కనిపిస్తుందని అక్క ఎప్పుడూ అదే అడిగేది.

మేమిద్దరం పద్య నాటకాల పిచ్చివాళ్ళం. ఏలూరులో ఆడినా, తణుకులో ఆడినా, తెనాలిలో ఆడినా పులిహోర కట్టుకుని బయల్దేరేవాళ్ళం. నాటకాలకి అడ్డమని పెళ్ళిళ్ళు మానుకున్నామని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ అది అబద్ధం. అడిగినవాళ్ళే లేరు.

పద్యం చివర నటుడు రాగం లాగుతుంటే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. రాగం అయీ కాకముందే, హాలు మొత్తం కంటే ముందుగా, వన్స్ మోర్ అని అరిచేది. చచ్చి పడి ఉన్న రాజులు ఆ కేక విని లేచేవాళ్ళు. పంచె దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాళ్ళు. నేనెప్పుడూ అరిచిందాన్ని కాదు. నాకంత గొంతు లేదు. ఇద్దరి తరఫునా అక్కే అరిచేది.

సాయంత్రం హాలు నిండిపోయి ఉంది. నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా గొడుగు పెడతాను. తెర లేస్తుంది.

ఆసుపత్రి వార్డు. మంచం అదే. కోడు దగ్గర రంగు పెచ్చు లేచిన చోటు నాకు గుర్తు, అక్కడే నా చీర పట్టుకుని చిరిగింది. మంచం మీద అక్క పడుకుని ఉంది, నర్సు వేషం వేసినావిడ ఆమె చేతికి సూది గుచ్చుతోంది. డాక్టరు వేషం చిట్టూరి నరసింగరావు గారిది. మా ఇద్దరికీ ఆయనంటే ప్రాణం. రాజు వేషాలకి పెట్టింది పేరు కాబట్టి డాక్టరు కోటు వేసుకున్నా కిరీటం తీయలేదు. స్టెతస్కోపు కిరీటం మీద నుంచే తగిలించుకున్నారు.

నా వేషం పుల్లేటి గవర్రాజు అనే ఆయన వేస్తున్నాడు. ఆడవేషాలు కట్టడంలో దిట్ట. మీసాలు మాత్రం తీయనన్నాడట. నా నీలం చీర కట్టుకున్నాడు. నాకంటే కుచ్చిళ్ళు బాగా వచ్చాయి, ఒప్పుకోవాలి.

గవర్రాజు మంచం పక్కన నిలబడి పద్యం ఎత్తుకుంటాడు. నిజం ఆసుపత్రిలో నేనేమీ మాట్లాడలేదు. బత్తాయి వలుస్తూ కూర్చున్నాను. నేను అనని మాటలన్నీ అతను పాడుతున్నాడు. నువ్వు జడ వేస్తే తప్ప నాకు పొద్దు పోయేది కాదని, నువ్వు లేని ఇంట్లో ఏ గదిలో దీపం వెలిగించాలో తెలియదని పాడుతున్నాడు. రాగం సాగుతుంటే సెలైన్ బాటిల్లో బుడగలు శ్రుతి తప్పకుండా లేస్తున్నాయి. అవన్నీ నా మనసులో ఉన్నాయని ఇతనికెలా తెలిసిందో అని నాకు సిగ్గేస్తుంది.

అక్క కళ్ళు తెరుస్తుంది. ఆ రోజు అన్న మాటే అంటుంది.

"హైమా, రేపు నాటకానికి నువ్వు వెళ్..."

అక్కడ ఆగిపోతుంది. హార్మోనియం కూడా అక్కడే ఆగుతుంది. ఆ రోజు కూడా అక్కడే ఆగింది.

మన భాషతో ఇదొక కష్టం. అసలు సంగతి మాట చివర ఉంటుంది. వెళ్ళు అనబోయిందో, వెళ్ళకు అనబోయిందో నాకు తెలియదు. ఈ నెలలో ఊళ్ళో ఎన్ని నాటకాలు ఆడినా చెప్పులు వేసుకుని గడపదాకా రావడం, ఆమె మాట వింటున్నానో కాదంటున్నానో తేలక మళ్ళీ విప్పేయడం. ఇవాళ వేషం అక్కదే కాబట్టి వచ్చాను. అన్నం కూడా సయించడం లేదు.

నరసింగరావు గారు అక్క చెయ్యి పట్టుకుని చూసి, కిరీటం వంచి, లేదని తల ఊపుతారు. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వస్తుంది. అది ఎంత పెద్దగా వస్తుందంటే, ముందు వరసవాళ్ళు తిరిగి చూస్తారు.

"వన్స్ మోర్."

అక్క లేస్తుంది. నిజంగానే లేచి కూర్చుంటుంది. జుట్టు సవరించుకుని, చీర సర్దుకుని, చుట్టూ చూస్తుంది. నాకు సంతోషంతో ఏడుపొస్తుంది. నెల రోజుల తరవాత మా అక్క కూర్చుని ఉండగా చూస్తున్నాను. ఆమె మళ్ళీ పడుకుంటుంది. నర్సు మళ్ళీ సూది గుచ్చుతుంది, గవర్రాజు మళ్ళీ పాడతాడు.

"హైమా, రేపు నాటకానికి నువ్వు వెళ్..."

మళ్ళీ అక్కడే.

చివర్లో పెదాలు గుండ్రంగా తిరిగాయని, అది వెళ్ళు అనడానికేనని నా ఎడం పక్క పెద్దాయన అంటాడు. కాదు, నోరు తెరుచుకుంది, వెళ్ళకు అనబోయిందని వెనక వరస ఆవిడ అంటుంది. ఇద్దరూ వాదించుకుంటారు. తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి వన్స్ మోర్ అంటారు. ఆ తరవాత హాలు మొత్తం అంటుంది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెళ్తున్నాను. మూడో వరస నుంచి రెండో వరసకి, అక్కణ్ణుంచి హార్మోనియం పక్కకి నా కుర్చీ జరుగుతూ వస్తుంది. ఒక సాయంత్రం అది మంచం కిందే వేసి ఉంటుంది. తల వంచుకుని కూర్చుంటాను. పైన పరుపు కుంగడం, లేవడం తెలుస్తూ ఉంటుంది. అంత దగ్గర్నుంచి విన్నా మాట వెళ్ దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు భీమవరం నుంచి, గుడివాడ నుంచి బస్సులు కట్టించుకుని వస్తున్నారు. బయట నన్ను గుర్తుపట్టి నమస్కారం పెడుతున్నారు. మీ అక్కగారు భలే పోతున్నారండీ, నిన్నటికంటే ఇవాళ ఇంకా బాగా పోయారు అంటున్నారు. నేను థాంక్సండీ అంటున్నాను. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉంది. అందరి వేషాలూ చూసి చప్పట్లు కొట్టిన మనిషి, ఇన్నాళ్ళకి ఆమె వేషం చూడడానికి జనం వస్తున్నారు.

అక్క గొంతు కోసం ఫ్లాస్కులో మిరియాల పాలు పోసుకుని గ్రీన్ రూముకి వెళ్తాను. అద్దం ముందు ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. నాటకం ముందు గొంతు కాపాడుకోవాలి కాబట్టి మాట్లాడదు. అది నాకు తెలిసిందే. పాలు గ్లాసులో పోసి ఇస్తాను. అందుకోవడానికి చెయ్యి చాపుతుంది.

ఆ చెయ్యి చూస్తాను. మణికట్టు నుంచి మోచేతిదాకా సూది పోట్లు. మేం ఎన్నిసార్లు అడిగామో అన్నీ ఉన్నాయి. కొత్తవి ఎర్రగా, పాతవి నల్లగా, ఖాళీ లేకుండా.

పక్కన నరసింగరావు గారు కిరీటానికి ఊడిన పూస అతికించుకుంటున్నారు. అక్క తరఫున ఆయన్నే అడుగుతాను.

"అక్కకి నొప్పి తెలుస్తోందాండీ?"

"తెలీకపోతే చూసేవాళ్ళకి కన్నీళ్ళెలా వస్తాయమ్మా? ప్రతిసారీ కొత్తగానే తెలుస్తుంది."

"మరెందుకు లేస్తోంది?"

"అడుగుతున్నారు గదా. వన్స్ మోర్ అన్నవాళ్ళు కుర్చీలో ఉంటారు తల్లీ. చచ్చి లేవాల్సింది మేము."

ఆ ఒక్క మాట పూర్తయ్యేదాకా అయినా అడగొద్దా అంటాను. ఆయన పూస మీద ఊదుతూ, పాడిందే మళ్ళీ పాడతాం గానీ పాడనిది ఎక్కణ్ణుంచి తెస్తాం అంటారు. ఇంతకాలం నాటకాలు చూసి నాకు ఆ మాత్రం తెలియకపోవడం ఆయనకి వింతగా ఉన్నట్టుంది.

అక్క పాలు తాగి గ్లాసు తిరిగి ఇస్తుంది. నా పైట మడత చెదిరి ఉంటే సర్దుతుంది. పిన్నీసు తీసి, సరిచేసి, మళ్ళీ పెడుతుంది. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రోజూ సాయంత్రం తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, మా అక్కని చంపించుకోవడానికి బయల్దేరుతున్నాను.

మర్నాడు తెర లేవకముందే హాల్లో వరస వరసకీ వెళ్ళి బతిమాలుతాను. ఇవాళ ఎవరూ అడగొద్దండీ, ఆమెని పోనివ్వండి అంటాను. పిల్లాపాపలతో ఇంత దూరం వచ్చాం గదా అని ఒకాయన సణుగుతాడు. వెళ్ళు అనా వెళ్ళకు అనా అనేది ఇంకా తేలనే లేదు గదా అని ఆ రోజు నా ఎడం పక్క కూర్చున్న పెద్దాయన అంటాడు. ముందు వరసలో ఒక ముసలావిడ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆవిడకి కోపం లేదు గానీ బాధగా ఉంది.

"బాగుంటే అడగాల గదమ్మా. అడక్కపోతే బాగాలేదనుకోదూ పాపం?"

అక్కకి ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు. కేకలు పడని నటుణ్ణి చూసి ఇంటికొచ్చి అన్నం మానేసిన మనిషి. బాగుందని నేను చెబుతానమ్మా అంటాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, సరేనని పైటకొంగు నోట్లో కుక్కుకుంటుంది. అది చూసి పక్కావిడ అలాగే చేస్తుంది. ఒకరి తరవాత ఒకరు చేతులు నోటికి అడ్డం పెట్టుకుంటారు. నా కుర్చీ తిరిగి మూడో వరసలోకి వచ్చేసింది.

నాటకం నడుస్తుంది. గవర్రాజు ఇవాళ ఎప్పటికంటే బాగా పాడతాడు. అక్క వెళ్ అంటుంది. హార్మోనియం ఆగుతుంది. కిరీటం వంగుతుంది.

ఎవరూ మాట్లాడరు. ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి. స్టేజీ మీద అక్క కదలకుండా పడుకుని ఉంది.

కొంతసేపటికి ఒక కన్ను తెరుస్తుంది. స్టేజీ మీద చచ్చినవాళ్ళందరూ చేసేదే అది, కేక వస్తుందేమోనని ఓరగా చూస్తారు. ఆ కన్ను హాలంతా తిరిగి, మూడో వరసకి వచ్చి, నన్ను పట్టుకుంటుంది. వన్స్ మోర్ నా పళ్ళ వెనకే ఉంది. ఒక్కసారి, ఇంకొక్కసారి అంటే లేచి కూర్చుంటుంది. జుట్టు సవరించుకుంటుంది. నాకది ఎంత కావాలో చెప్పలేను. అక్క కావాలి నాకు. అంతే.

మా ఇంట్లో ఎవరినీ ఉత్తినే వెళ్ళు అని పంపం. కూరలకి వెళ్ళేవాళ్ళకైనా సరే వెళ్ళిరా అంటాం. ఆ రెండో మాట అక్కకి ఇప్పుడు చెప్పకూడదు. లేచి నిలబడతాను.

"చాలా బాగుందక్కా," అంటాను. "ఇంక వెళ్ళు."

నా గొంతు చిన్నదే. కానీ నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందుతుంది. అక్క కన్ను తడిగా మెరుస్తుంది. తరవాత మూస్తుంది. ఈసారి రెండో కన్నుతో సమానంగా మూస్తుంది.

గ్రీన్ రూములోంచి ఇద్దరు ఆడవాళ్ళు కొబ్బరినూనె గిన్నె, పాత గుడ్డ తెచ్చి వేషం తుడవడం మొదలుపెడతారు. ముందు పౌడరు పోతుంది. బొట్టు పోతుంది. కనుబొమలు, పెదాలు, బుగ్గలు ఒక్కొక్కటే గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి. సూది పోట్లు అన్నిటికంటే త్వరగా పోతాయి, అది చూసి నా ప్రాణం కుదుటపడుతుంది. చివరికి మంచం మీద ముడత లేని దుప్పటి మాత్రం ఉంటుంది. వాళ్ళు గుడ్డ మడిచి నాకిచ్చి, ఇది సొంతవాళ్ళే ఉతకాలండీ అంటారు.

కాలవ రేవుకి తీసుకెళ్తాను. వన్స్ మోర్‌లు లేక నాటకం త్వరగా అయిపోయింది కాబట్టి ఇంకా వెలుతురు ఉంది. ఆఖరి మెట్టు మీద కూర్చుని గుడ్డ ముంచుతాను. గులాబీ రంగు వదులుతుంది. తరవాత అక్క చామనచాయ వదులుతుంది. ఆఖర్న కళ్ళ నలుపు దారంలా సాగి నీళ్ళలో కలుస్తుంది. గుడ్డ తెల్లబడేదాకా పిండుతాను. ఏడుస్తూనే పిండుతాను.

అప్పుడు కాలవ నాటకం అయిపోయిన హాలులా లేచి నిలబడుతుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు ముందు, ఆ వెనక వరస, ఆ వెనక వరస. చెప్పులు వెతుక్కుని, మెట్లెక్కి, నా పక్క నుంచి ఇళ్ళకి వెళ్ళిపోతాయి. ఒక్కొక్క వరసా నా భుజం మీద చెయ్యి వేసి తడి చేసి పోతుంది. చావు ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు ఎవరూ వెళ్ళొస్తామని చెప్పరు. నీళ్ళు కూడా చెప్పవు.

వెళ్ళిన నీళ్ళు పోగా కాలవలో చేపలు మాత్రం మిగిలాయి. బురదలో వరసలుగా కూర్చుని, ఖాళీ అయిన చోటుకేసి చూస్తున్నాయి. అయిపోయిందని వాటికెవరూ చెప్పినట్టు లేదు. ఎలా చెప్పాలో నాకూ తెలియదు. చీర ఎత్తి పట్టుకుని బురదలోకి దిగి, కాస్త జరగమని, వాటి పక్కన కూర్చుంటాను.