కళ్ళెం పట్టిన చెయ్యి

పొద్దున్నే వాకిలి చిమ్మి, ముగ్గేసి, దేవుడి దగ్గర దీపం పెట్టినాక రామతులసమ్మ చేసే పని ఇంకొకటుంది. ఎడమ చేతి గాజులు పైకి నెట్టుకొని మణికట్టు చూసుకుంటుంది. అక్కడ మూడు గీతలు, వాటి కింద ఒక చుక్క. ముద్ర చల్లగా ఉంటే గుర్రం దూరంగా ఉన్నట్టు. వెచ్చగా ఉంటే ఇంటి దారి పట్టినట్టు. తడి తగిలితే ఎక్కడో నీళ్ళు తాగుతున్నట్టు. చూసుకొని, గాజులు కిందికి జార్చి, పొయ్యి ముట్టిస్తుంది.

ఇందులో వింతేమీ లేదు. తెల్లదొరల కాలంలో మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా గుర్రమున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి చేతి మీద ఇట్లాంటి ముద్ర ఉండేది. గుర్రాలను నల్లమల దాటించి నైజాముకు తోలుకపోయే దొంగలుండేవాళ్ళు మరి. ఏటా చలికాలం పుల్లలచెరువు నుంచి అంకన్న ఇనుప ముద్రల సంచి భుజానేసుకొని వచ్చేవాడు. ముద్ర ఎర్రగా కాల్చి గుర్రం ఎడమ భుజం మీద వేసేవాడు. ఆ వేళకు కళ్ళెం పట్టుకొని గుర్రాన్ని నిలబెట్టినోళ్ళ చేతి మీద కూడా అదే ముద్ర పడేది, నొప్పీ గిప్పీ లేకుండా. గుర్రం తప్పిపోతే ఆ చెయ్యి గుర్రమున్న దిక్కుకు లాగుతాది. పట్టినోళ్ళదే గుర్రం. దాన్ని ఇంకొకరికి ఇచ్చేసినానని మనసారా అంటే ముద్ర పోతాది. అంతే సంగతి.

రామతులసమ్మ భర్త సుందరరామయ్య సెట్టి. మార్కాపురంలో బట్టల దుకాణం. గుర్రమెక్కి ఊళ్ళమ్మట తిరిగి బేరాలు చేసేవాడు. అంకన్న వచ్చిన రోజు సెట్టిగారే కళ్ళెం పట్టాల్సింది. కానీ ఆయన ముక్కు మహా సుకుమారం. వెంట్రుకలు కాలిన వాసన పడదంట! "ఒరే నాగులూ, నువ్వు పట్టుకో" అని చెప్పి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొని దుకాణానికి పోయినాడు. నాగులు ఆ ఇంట్లో గుర్రాన్ని చూసుకొనే జీతగాడు. కాలిన ఇనుమును చూసి బెదిరిన గుర్రం నాగులును పెరడంతా ఈడ్చింది. వంటింట్లోంచి రామతులసమ్మ బెల్లం ముక్క తీసుకొని వచ్చి కళ్ళెం అందుకొనింది. గుర్రం బుద్ధిగా నిలబడింది. అంకన్న చటుక్కున ముద్ర వేసేసినాడు.

"తల్లీ, నీ చేతికి పడిందే!" అన్నాడు అంకన్న.

ఆమెకు భయమేసింది. సెట్టి భార్య మగవాళ్ళ మధ్య నిలబడి గుర్రం పట్టిందంటే వీధి వీధంతా చెప్పుకొని నవ్వుతాది.

"నాగులూ, ఎవరితోనూ అనొద్దు. ఆయనతో అసలే అనొద్దు."

"నా పెండ్లాం మీద ఒట్టమ్మా. నా నోట రాదు" అన్నాడు నాగులు.

అది జరిగి మూడేండ్లు. ముద్ర గాజుల చాటునే ఉండిపోయింది. ఆ మూడేండ్లలో సెట్టిగారు భార్య చెయ్యి ఒక్కసారి పట్టుకొని ఉంటే కనబడేది. పట్టుకోలేదు.

పెండ్లయి పద్నాలుగేండ్లు. పిల్లలు లేరు. అత్త పోయినాక అంత పెద్ద ఇంట్లో రామతులసమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరు. ఆయన నెలలో పదిహేను రోజులు ఊళ్ళోనే ఉండడు. ఒక్కోరోజు తన గొంతు తానే విని ఉలిక్కిపడేది. ఆ ముద్రే ఆమెకు తోడు. గుర్రం వానలో తడిస్తే ఆమె మణికట్టు తుడుచుకొనేది. ఈగలు ముసిరితే గోక్కొనేది.

"దర్శికి పోయొస్తా. వారం పడతాది" అనేవాడు సెట్టి. దర్శి తూర్పున ఉంది. చెయ్యేమో దక్షిణానికి లాగేది. మొదట్లో అంకన్న ముద్ర వంకరగా వేసినాడేమో అనుకొనింది, పిచ్చి తల్లి. నాలుగోసారి కూడా దక్షిణానికే లాగినప్పుడు అర్థమైంది. వెలిగండ్ల నుంచి వచ్చిన ఆముదం బండివాడు ఒకడు, "సెట్టిగారు మా ఊళ్ళోనే ఉన్నారు కదమ్మా, కబురేమన్నా చెప్పాల్నా?" అని అమాయకంగా అడగడంతో ఊరు కూడా తెలిసింది. ఆ రోజు ఏడ్చింది. ఆయన తిరిగొచ్చి, "దర్శిలో ఒకటే ఎండలు" అంటే, చెంబుతో నీళ్ళిచ్చింది.

అడిగి ఉండొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఆయన మిగతా పదిహేను రోజులు కూడా రాకుండా పోతే?

ఒకనాటి సాయంత్రం బియ్యం చెరుగుతుంటే ముద్ర మీద ఏదో తగిలింది. ఈగ కాదు, వాన కాదు. చిన్న అరచెయ్యి. జిగటగా ఉంది. రెండుసార్లు తట్టి, గీతల మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. రామతులసమ్మ చేతిలోని చేట కింద పడింది. అక్కడెక్కడో ఒక బిడ్డ గుర్రం భుజం మీద ముద్రను తడుముతోంది. ఎవరి బిడ్డో వేరే చెప్పాల్నా?

కోపం రావాల్సింది. వచ్చింది కూడా. ఆ రాత్రి అన్నం తినలేదు. కానీ మర్నాడు సాయంత్రం పనులన్నీ తొందరగా ముగించుకొని, చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చొనింది. ఆ చిన్న చెయ్యి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆయన ఊరికి బయలుదేరుతుంటే ఈమే దగ్గరుండి సద్ది కట్టేది. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ముద్ర వెచ్చగా ఉండేది గానీ ఆమెకు దిగులుగా ఉండేది.

ఆ ఏడు దసరా పోయినాక సెట్టి ఎద్దులబండిలో దిగినాడు. "గుర్రాన్ని దొంగలు ఎత్తుకపోయినారు" అన్నాడు ఎటో చూస్తూ. సరిగ్గా అప్పుడే ఆమె మణికట్టు మీద చిన్న చెయ్యి ఆడుతోంది. గుర్రాన్ని ఆ ఇంటికే ఇచ్చేసి వచ్చినాడని తెలిసిపోయింది. ఎప్పటిలాగే నీళ్ళిచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. వీధిలో పెద్దమనుషులు ఊరుకోలేదు. "ఇయ్యాల మీ గుర్రం, రేపు మాది" అని సెట్టిని ఠాణాకు లాక్కపోయి ఫిర్యాదు ఇప్పించినారు. కళ్ళెం పట్టిందెవరని అడిగితే నాగులని చెప్పినాడు సెట్టి. నాగులు చెయ్యి చూస్తే ఏముంది, నున్నగా ఉంది! ముద్ర లేదంటే గుర్రాన్ని అమ్ముకున్నట్టే కదా. ఎవరికి అమ్మినావని ఎంత అడిగినా నాగులు తల దించుకొని నిలబడినాడే గానీ నోరు విప్పలేదు. సెట్టి కూడా విప్పలేదు.

మర్నాడు నాగులు భార్య రత్నమ్మ పెరటి తలుపు దగ్గర కూలబడింది. "అమ్మా, రేపు కర్నూలుకు పంపిస్తారంట. నాకన్నా చెప్పయ్యా అంటే, నీ మీద ఒట్టు పెట్టినానే, చెప్పను అంటాడు. నా మీద ఒట్టేందమ్మా? జైల్లో పడితే మళ్ళీ మనిషి దక్కుతాడా?"

రామతులసమ్మ ఆమెను లేపి మంచినీళ్ళు ఇచ్చింది. కొంగు భుజం నిండా కప్పుకొని వీధి తలుపు తీసింది. కోమటి వీధిలో అరుగుల మీదున్నోళ్ళంతా చూస్తుండగా ఠాణాకు నడిచింది.

సబిన్‌స్పెక్టరు కరుణాకరం నెల్లూరు వైపు మనిషి. సెట్టి ఆయన ఎదుట కుర్చీలో కూర్చొని ఉన్నాడు. భార్యను చూసి లేచి నిలబడినాడు.

"తులసీ! నువ్వెందుకు వచ్చినావు ఇక్కడికి?"

ఆమె కరుణాకరం వైపు తిరిగింది. గాజులు పైకి నెట్టి చెయ్యి చాపింది.

"కళ్ళెం పట్టింది నేనయ్యా. నాగులు కాదు. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించినాను."

కరుణాకరం ముద్ర చూసి, సెట్టిని చూసి, మళ్ళీ ముద్ర చూసినాడు. "అయితే గుర్రం మీదేనమ్మా. ఏ దిక్కున ఉంది?"

"దక్షిణాన. వెలిగండ్లలో."

సెట్టి కుర్చీ పట్టుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి... నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మూడేండ్లు కావస్తోంది. మీరు దర్శిలో ఎండలని చెప్పినప్పటి నుంచి."

కరుణాకరం ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కున్నాడు. "చూడండమ్మా, మీకు చెప్పకుండా మీ గుర్రం పరాయి ఇంట్లో ఉంటే అది దొంగతనమే. ఎవరో ఒకరిని లోపల వెయ్యాలి. నాగులు కాదంటే మీ ఆయన. లేదా ఆ ఇంటివాళ్ళు. జవానును పంపి గుర్రాన్ని తెప్పిస్తాను. మీరు ఒక్క మాట చెప్పండి."

ఆమెకు ఆ ఒక్క మాట తేలిగ్గానే నోటిదాకా వచ్చింది. మూడేండ్ల ఉక్రోషం ఉంది మరి. ఈ మనిషిని ఒక్కరోజు కటకటాల వెనక చూస్తే తప్పేముంది అనిపించింది. అప్పుడే ముద్ర మీద చిన్న చెయ్యి పడింది. తట్టింది, రాసింది. జవాన్లు పోయి ఆ చేతిలోంచి కళ్ళెం లాక్కుంటారు. ఆ మాట అనబుద్ధి కాలేదు. ఇచ్చేసినానంటే కేసుండదు, ముద్రా ఉండదు. రేపటి నుంచి సాయంత్రాలు ఎట్ల గడుస్తాయి?

"ఎవరూ ఎత్తుకపోలేదయ్యా" అన్నదామె. "గుర్రాన్ని నేనే ఇచ్చినాను. ఆ ఇంట్లో ఉన్న బిడ్డకు ఇచ్చినాను."

అందరూ చూస్తుండగానే మొదట చుక్క పోయింది, తర్వాత ఒక్కొక్క గీతా పోయింది. చిన్న చెయ్యి ఇంకా రాస్తూనే ఉండి, ఉన్నట్టుండి తెలియకుండా పోయింది. రామతులసమ్మ అక్కడే, ఠాణాలో, అంతమంది మగవాళ్ళ ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. కరుణాకరం ఫిర్యాదు కాగితం చింపి, నాగులును వదిలిపెట్టినాడు.

బయటికొచ్చినాక సెట్టి మెల్లగా అన్నాడు. "ఇంటికి పోదాం పా."

"మీరు పోండి. దుకాణం తెరవాలి కదా."

"నువ్వో?"

ఆమె నాగులు వైపు తిరిగింది. మూడేండ్లు దిక్కు తెలుసు గానీ దారి ఎన్నడూ తెలియదు. ఇప్పుడు ఆ దిక్కుకు లాగే ముద్ర కూడా లేదు.

"నాగులూ, వెలిగండ్లకు ఎట్ల పోవాల?"

"బండి కట్టిస్తానమ్మా. నేనూ వస్తా" అన్నాడు నాగులు.

మర్నాడు మధ్యాహ్నానికి బండి ఆ ఊరు చేరింది. సెట్టిగారి ఇల్లేదంటే మొదట కనబడినోడే చూపించినాడు. గడపలో నిలబడిన మనిషి ఆ బిడ్డ తల్లి కృష్ణవేణమ్మ. బండి దిగిన ఆమెను చూడగానే ఎవరో తెలిసిపోయి, పైట సర్దుకుంటూ అట్లే ఉండిపోయింది. ఆమె చీర పట్టుకొని నాలుగేండ్ల పాప తొంగి చూసింది.

"ఎవరు నువ్వు?"

రామతులసమ్మ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చొనింది. బండిలో దారి పొడుగునా ఏమేమో అనుకొనింది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెద్దమ్మను" అన్నది.

పాప ఆమెను కిందికీ మీదికీ చూసింది. తల్లి వైపు చూసింది. తర్వాత పరుగెత్తుకొచ్చి, బెల్లం అంటిన చేత్తో ఆమె వేలు పట్టుకొని, "రా పెద్దమ్మా, నా గుర్రాన్ని చూపిస్తా" అని పెరట్లోకి లాగింది.