నీళ్లోసుకున్న మాట

నేను ఒక ఫోన్‌ని. దుమ్ము కూడా అడుగుపెట్టని కర్మాగారంలో, తొడుగులేసుకున్న చేతుల మధ్య పుట్టాను. హనుమకొండలో మొదట సుధీర్ జేబులో తిరిగాను. మూల పగిలాక అతని భార్య స్వరూపకు దక్కాను. ఇళ్లలో పాత ఫోన్లు ఎటు దిగుతాయో మీకు తెలియంది కాదు.

ఒకప్పుడు నాలో కబుర్లే ఉండేవి. తర్వాత ఆ కబుర్ల యాప్‌లోకే దుకాణాలు వచ్చి కూర్చున్నాయి. మందుల నుంచి బకెట్ల దాకా అమ్మే ఒక దుకాణంతో స్వరూప మాట కలపబోతే నేను అడిగాను: ఈ మాటలు ఇంకో కంపెనీ చదవొచ్చు, ప్రకటనలకు వాడుకోవచ్చు, సరేనా? ఆమె కళ్లు పొయ్యి మీది పాల మీదున్నాయి. వేలు మాత్రం ‘సరే’ మీద పడింది. అడిగినవాణ్ని నేను, తిట్లు తినేదీ నేనే.

స్వరూప నెల తప్పింది. కిందటిసారి అత్త కొమురమ్మ రెండో నెలలోనే వాడంతా చాటింది. ఆ కడుపు నిలవలేదు. ఎదురైన ప్రతివాళ్లకూ స్వరూపే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి మూడో నెల నిండేదాకా భర్తకు తప్ప ఎవరికీ చెప్పకూడదనుకుంది.

ఎవరికీ అంటే మనుషులకని కాబోలు. తలనొప్పి వచ్చి దుకాణానికి రాసింది: "నీళ్లోసుకున్న. ఈ గోలి ఏసుకోవచ్చా?"

అవతల జవాబిచ్చేది యంత్రం. గీజర్లు చూపించింది. వెంటనే బకెట్లు కూడా.

"నీ మొకం మండ! నీళ్లంటే నీళ్లేనా?" అని నన్నే తిట్టింది. అక్కడితో వదిలేస్తే ఆ మొద్దుతనమే ఆమె గుట్టు కాపాడేది. కానీ మనిషికి గుట్టు దాగడం కన్నా తన మాట ఎదుటివాడికి అర్థం కావడమే ముఖ్యం. "కడుపుతోని ఉన్న. రెండో నెల. ఎవ్వలకు చెప్పలే" అని విడమరిచింది.

యంత్రానికి అర్థమైంది.

మర్నాడు కొమురమ్మ భజన చూద్దామని నన్ను అందుకుంది. దేవుడికన్నా ముందు తెరమీద ఆ దుకాణం వాళ్ల ఉయ్యాల ఊగింది. కింద అక్షరాలను ఆమె కూడబలుక్కుని చదివింది: ‘కాబోయే అమ్మ స్వరూప గారికి.’

"గిదేందే స్వరూపా?"

స్వరూప నన్ను లాక్కోబోయింది.

"నాకన్న ముందుగాల దుకాణపోనికి చెప్పినవా?"

"చెప్తె మళ్ల నిలవదేమోనని బుగులైంది, అత్తమ్మా."

కొమురమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, "ఆగు, ఇది మన మాటలు ఇంటున్నది" అంటూ నన్ను చీరల మడతల్లోకి తోసి బీరువా మూసింది.

ఆపైన వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ ఇంట్లో నాకు తెలియని మాట అదొక్కటే. ఉయ్యాల మాత్రం చీరల చీకట్లో, కొనమంటూ, ఊగుతూనే ఉంది.