శుక్రవారం ఆగిన భూకంపం

పాతికేళ్ల నా పనిలో, నేను బిగించిన వాల్వు ఊరికే మూసుకుపోయిందని ఎవరూ అనలేదు. మొట్టమొదట ఆ మాట అన్నవాడు మా వియ్యంకుడు నుస్రెత్.

భూకంపం వస్తే గ్యాసు దానంతటదే ఆగిపోయే వాల్వులు ఇళ్లకు బిగిస్తాను. లోపల గోలీకాయంత ఇనుప గుండు ఉంటుంది. నేల ఊగితే గుండు జారి పడుతుంది, దారి మూసుకుంటుంది. మళ్లీ ఎవరో వచ్చి పక్కనున్న మీట తిప్పితేగాని తెరుచుకోదు. ఇస్తాంబుల్‌లో అందరికీ భూకంపమంటే హడలే. వాల్వు పెట్టించుకోమంటే మాత్రం వచ్చే ఏడు చూద్దాంలే అంటారు.

ఆ ఊళ్లోనే అవ్‌జిలార్ పేటలో నుస్రెత్‌ది అయిదంతస్తుల మేడ. కింద పెళ్లిగౌన్ల దుకాణం ఆయనదే, మేడకు పెద్ద కూడా ఆయనే. నాలుగో అంతస్తులో ఆయన కొడుకు, మా అమ్మాయి సెవ్దా కాపురముంటున్నారు. జనవరి మొదట్లో ఆ మేడ మొత్తానికి గ్యాసు వచ్చే గొట్టానికి, కింద బయటి గోడ దగ్గర, వాల్వు బిగించాను. పది రోజుల్లో నాలుగుసార్లు మూసుకుపోయింది.

నాలుగోసారి వెళ్లేసరికి మేడంతా మెట్ల మీదే ఉంది. హీటర్లు ఆగిపోయి అందరూ ఇంట్లో కూడా కోట్లు తొడుక్కున్నారు. రెండో అంతస్తు మువల్లా టీచరమ్మ చేతిలో సగం ఉడికిన పిలాఫ్ అన్నం గిన్నె ఉంది.

"ఏం బావగారూ, మాకు పెట్టింది వాల్వా, ఎలకల బోనా?" అన్నాడు నుస్రెత్ అందరూ వినేలా. "వీధిలో ఎవరైనా తుమ్మినా పడిపోతోంది!"

"ఆయన్ననకు నుస్రెత్," అంది టీచరమ్మ. "వెదాత్ మేస్త్రీ పిల్లనిచ్చినవాడు. ఏమన్నా పడాల్సిందే పాపం."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఫోన్లో భూకంపాల జాబితా తీసి చూశాను. పది రోజుల్లో మర్మరా సముద్రం అడుగున చిన్నాచితకా వచ్చాయిగాని, ఏదీ పిల్లి కూడా లేచి కూర్చునేంతది కాదు. మూసుకున్న నాలుగుసార్లూ పట్టపగలే, పనిదినాలే. తప్పు నాదేనేమో, మరలు సరిగా బిగించలేదేమో అనిపించింది. చేతికి అలవాటైన పనిలో తప్పు దొరకడమంత సిగ్గు మరొకటి లేదు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే వెళ్లి వాల్వు ఊడదీసి, గోడకు కొత్త బోల్టులు వేసి, రసమట్టం పెట్టి మళ్లీ బిగించాను. తర్వాత ఒక స్టూలు లాక్కుని దాని ముందే కూర్చున్నాను. పక్క కాఫీ దుకాణం నుంచి టీ తెప్పించుకుని గ్లాసును గోడ గూట్లో పెట్టాను.

టీ వణుకుతోంది. అంచు నుంచి మధ్యకు సన్నటి వలయాలు వస్తున్నాయి. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేతిలోకి ఏదో కందిరీగ దూరినట్టుంది. లారీ అనుకుందామంటే వీధి ఖాళీ. పదకొండున్నరకు నా కళ్లముందే గుండు టక్కున పడింది. మీట తిప్పి తెరిచాను. మళ్లీ వణుకు.

ఒంటిగంట దాటాక మసీదులో అజాన్ వినబడింది. వణుకు ఆగిపోయింది. పెళ్లిగౌన్ల దుకాణం వెనక తలుపు తీసుకుని ఇద్దరు మనుషులు బయటికొచ్చారు. కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము. కొళాయి దగ్గర ముఖాలు, కాళ్లు కడుక్కుని మసీదు వైపు గబగబా వెళ్లారు.

గంటసేపు గ్లాసులో టీ అద్దంలా నిలబడింది. వాళ్లు తిరిగొచ్చారు. తలుపు మూసుకుంది. టీ మళ్లీ వణికింది.

జుమా నమాజుకు సెలవు పుచ్చుకునే భూకంపాన్ని నా జన్మలో చూడలేదు. లేచి ఆ తలుపు తోశాను.

దుకాణం అద్దాలకు లోపలినుంచి పేపర్లు అంటించి ఉన్నాయి. పెళ్లిగౌన్లన్నీ ప్లాస్టిక్ తొడుగుల్లో ఒక మూల కుప్పగా ఉన్నాయి. నడిమధ్యన మేడను మోసే స్తంభం ఉండాలి. నడుము వరకు ఉంది. పైకప్పు దగ్గర మూరెడు ఉంది. మధ్యలో సిమెంటు రాలిపోయి చువ్వలు తేలాయి, సగం చువ్వలు కోసేశారు. పక్కనే రెండు ఇనుప గొట్టాలు, కింద చెక్కముక్కలు, వాటిమీద అయిదంతస్తులు.

"ఆపండ్రా!" అని అరిచాను. పనివాళ్లిద్దరూ యంత్రం ఆపారు.

నుస్రెత్ వెనకనుంచి వచ్చి నా భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఏంటి బావగారూ, ఆ కంగారు? ఒక్క స్తంభం. ఇంకా పదకొండున్నాయి. ఈ రోడ్డు మీద ఎవడు తియ్యలేదో చూపించండి. పెళ్లికూతురు గౌను తొడుక్కుని అద్దంలో చూసుకుంటే మధ్యలో ఈ దిమ్మ కనబడాలా?"

"పైన మనుషులున్నారయ్యా. నీ కొడుకున్నాడు."

"నా కొడుకుంటే నాకు భయముండదా? ఆదివారానికి ఇనుప దూలం వస్తోంది. ఈ రెండ్రోజులూ ఆ వాల్వుకో తీగ చుట్టి గుండు పడకుండా కట్టెయ్యండి చాలు. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది."

తొంభై తొమ్మిది ఆగస్టులో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఈ అవ్‌జిలార్‌లోనే, నుజ్జయిన ఒక మేడ పక్కన రెంచి పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి సెవ్దా ఇంకా వాళ్లమ్మ కడుపులో ఉంది. శిథిలాల కింద ఎవరో తడుతున్నారు. చువ్వలు కోసే యంత్రం ఉంది, కోసే మనిషి ఉన్నాడు. గ్యాసు వాసన గుప్పుమంటోంది, ఒక్క నిప్పురవ్వ లేస్తే అందరమూ పోతాం. గ్యాసు ఎక్కడ కట్టాలో మట్టిలో నేను వెతికి కట్టేసరికి కింద తట్టడం ఆగిపోయింది. ఆ తర్వాతే ఈ పనిలోకి వచ్చాను. అలాంటి నన్ను వాల్వు కట్టెయ్యమంటున్నాడు.

బయటికొచ్చి మేడ మొత్తానికి గ్యాసు కట్టేశాను. మీట ఊడదీసి జేబులో వేసుకుని నాలుగో అంతస్తు ఎక్కాను.

సెవ్దా తలుపు తీసింది. అల్లుడు ఇంకా పనినుంచి రాలేదు. "మళ్లీ పోయిందా నాన్నా గ్యాసు?"

"కోటు వేసుకో తల్లీ. కింద స్తంభం కోసేస్తున్నారు. మనింటికి పోదాం."

దాని ముఖంలో ఆశ్చర్యం లేదు. తలుపు ఓరగా పట్టుకుని చెప్పులవంక చూస్తూ నిలబడింది.

"తెలుసా నీకు?"

"అరవకు నాన్నా. టీచరమ్మకి వినబడుద్ది."

"ఎప్పట్నించి తెలుసు?"

"పని మొదలెట్టకముందే. గ్యాసు వాళ్లు వాల్వు పెట్టించుకోమని కాగితమిచ్చారు. మావయ్య ఎవణ్ణో పిలవబోతే నిన్నే పిలవమని చెప్పింది నేనే. బయటివాడైతే ఊరంతా చెప్తాడు. నువ్వు చెప్పవు కదా, నేనున్నాను కాబట్టి." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పావంటే ఇంటికి సీలేస్తారు. మావయ్య జైలుకి పోతాడు. ఈయన నా ముఖం చూస్తాడా? ఎవరింటికి పోవాలి నేను?"

"నా ఇంటికి రా."

"పుట్టింటికొచ్చి కూర్చున్నదాని బతుకేంటో నీకు తెలీదు నాన్నా. ఆదివారం దాకా ఓర్చుకో. రెండే రోజులు."

బిడ్డను కాపాడుకోవాలంటే దాని కాపురం కూల్చాలి. కాపురం నిలబెట్టాలంటే మేడ ఎప్పుడు కూలుతుందో చూస్తూ కూర్చోవాలి. పగవాడికి కూడా వద్దు ఆ లెక్క. గడపలోనే నిలబడి, అది చూస్తుండగానే అత్యవసర నంబరుకు ఫోన్ చేశాను. స్తంభం సంగతి, వీధి పేరు, మేడ పేరు, నా పేరు చెప్పాను.

"అందర్నీ వెంటనే దించెయ్యండి, గంటలో వస్తున్నాం," అన్నారు అవతల. "లోపల మీ వాళ్లెవరైనా ఉన్నారా?"

"మా అమ్మాయి ఉంది," అన్నాను.

సెవ్దా తలుపు మూసేసింది. లోపల గొళ్లెం పడింది.

పై నుంచి కింది దాకా ప్రతి తలుపూ బాదాను. స్తంభం పోయింది, దిగండి, దిగండి అని అరిచాను. కొందరు తిట్టారు, కొందరు చెప్పుల్లేకుండానే పరిగెత్తారు. టీచరమ్మ మాత్రం నన్ను ఒక్క క్షణం చూసి, "సెవ్దా?" అంది. తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా చెయ్యి నొక్కి, గోడ పట్టుకుని దిగిపోయింది.

వీధిలో అందరూ పోగయ్యారు. నుస్రెత్ నన్ను చూసి, "వియ్యంకుడివి కాదురా నువ్వు, పామువి!" అని మీదికొచ్చాడు. నలుగురు పట్టుకున్నారు. నేను తలెత్తి చూశాను. నాలుగో అంతస్తు కిటికీకి తెర వేసి ఉంది.

వాళ్లు ఆపుతున్నా వినకుండా మళ్లీ మెట్లెక్కాను. మూడో అంతస్తు మలుపులో, ఇందాక లేని పగులు ఒకటి గోడమీద కనబడింది. అందులో నా గోరు దూరింది. పైకెక్కి సెవ్దా తలుపు తట్టాను.

"తల్లీ, బయటికి రా. నా ముఖం చూడొద్దు, నాతో మాట్లాడొద్దు. దిగు చాలు."

ఏడుపు వినబడకుండా ఉండటానికో, నా మాట వినబడకుండా ఉండటానికో, లోపల బట్టలుతికే యంత్రం తిప్పింది. కాసేపటికి అది జోరందుకుంది. నా పాదాల కింద మెట్టు సన్నగా అదరడం మొదలుపెట్టింది.

దాని తలుపుకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాను.